పాటల పెట్టె: షఫుల్‌లో హరికథ వింటారా?

కిందటి సంచికలో బ్రెజిల్ బ్యాండ్ ఆంగ్రా గురించీ, 2023లో వచ్చిన వాళ్ళ 'సైకిల్స్ ఆఫ్ పెయిన్' ఆల్బమ్ గురించీ నాలుగు ముక్కలు రాశాను. ప్రోగ్రెసివ్ పవర్ మెటల్ అంటే వేగమూ, తాళాల చిక్కులూ ఉండే గట్టి రాక్ సంగీతం. దాని గురించి ఎవరు చదువుతారులే అనుకుంటూనే రాశాను. తీరా చూస్తే ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం దాని మీదే. అందులో రెండు తిట్లు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ గోలకే ఇచ్చేస్తున్నాను. సినిమా పాటల వాళ్ళు ఒక్క నెల ఓర్చుకోండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. మీరు రాశారని 'సైకిల్స్ ఆఫ్ పెయిన్' కాలేజీ బస్సులో వారం రోజులు విన్నాను. పాటలు బాగున్నాయి. కానీ కాన్సెప్ట్ ఆల్బమ్ అంటే కథ ఉండాలి కదా సార్? హీరో ఎవరో, ఏం జరిగిందో నాకెక్కడా దొరకలేదు. నాకు ఇంగ్లీషు రాకనా, వాళ్ళ దగ్గర కథ లేకనా?
– ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందు నిజం చెప్పు బాబూ, షఫుల్‌లో, అంటే పాటల వరస కలిపేసి విన్నావు కదూ? బస్సులో వినేవాళ్ళందరూ చేసే పనే అది. నువ్వు అడిగిన దాంట్లో సగానికి జవాబు అక్కడే ఉంది. మిగతా సగం చెప్పాలంటే మా నాన్న మైక్ సెట్టు దాకా వెళ్ళాలి.

తెనాలి దగ్గర మా ఊళ్ళో మాకు మైక్ సెట్టు ఉండేది. రెండు గొట్టం మైకులు, ఒక ఆంప్లిఫయర్, బస్తాలో చుట్టిన వైర్లు. శ్రీరామనవమికీ, పెళ్ళిళ్ళకీ, హరికథలకీ మేమే. నాకు పదకొండేళ్ళప్పుడు ఒక పందిట్లో రుక్మిణీ కల్యాణం హరికథ జరుగుతోంది. మంచి పట్టు మీద ఉండగా కరెంటు పోయింది. జనరేటర్ తాడు లాగి లాగి మా నాన్న చేతులు బొబ్బలెక్కాయి. అరగంట పోయింది. జనం లేచి మరమరాల బండి దగ్గరికి వెళ్ళిపోయారు. కరెంటు వచ్చాక దాసుగారు "ఎక్కడ ఆపామంటే..." అని మొదలుపెట్టలేదు. చిడతలు రెండుసార్లు మోగించి, రుక్మిణి బ్రాహ్మణుడి చేత కబురు పంపేటప్పుడు పాడిన వరసనే మళ్ళీ ఎత్తుకున్నాడు. రెండే పాదాలు. మరమరాల బండి దగ్గరున్న వాళ్ళు కూడా వెనక్కి తిరిగి చూశారు. కథ ఎక్కడుందో అందరికీ తెలిసిపోయింది.

పాటలన్నీ ఒకే కథనో, ఒకే విషయాన్నో పట్టుకుని నడిచే కాన్సెప్ట్ ఆల్బమ్ పనిచేసే తీరు ఇంతే. ఒక వరస ముందు ఒకచోట వినిపిస్తుంది, ముప్పావు గంట తర్వాత ఇంకోచోట తిరిగొస్తుంది. తిరిగొచ్చినప్పుడు నీకు ఏదో గుర్తుకొస్తుంది. షఫుల్ నొక్కావంటే తిరిగి రావాల్సింది ముందే వచ్చి కూర్చుంటుంది. మంగళం ముందు పాడి, ప్రార్థన చివర పాడిన హరికథలా ఉంటుంది అప్పుడు.

కథ సంగతికొస్తే, ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి నిజంగా కథ చెప్పే రకం. ఆంగ్రాదే 2004 ఆల్బమ్ 'టెంపుల్ ఆఫ్ షాడోస్' అలాంటిది. పదకొండో శతాబ్దంలో మతయుద్ధానికి బయల్దేరిన ఒక క్రైస్తవ యోధుడు, షాడో హంటర్ అని పేరు. ఏ చర్చి కోసం కత్తి పట్టాడో ఆ చర్చి మీదే అతనికి అనుమానం మొదలవుతుంది. ఈ కథ అల్లింది గిటారిస్టు రఫాయెల్ బిటెన్‌కోర్ట్. 1095లో పోపు పిలుపు విని జనం వేశారని చెప్పే "దేవుడి ఆజ్ఞ" అనే కేక పేరే మొదటి ముక్కకి పెట్టారు. మధ్యలో జర్మనీ నుంచి కై హాన్సెన్, హాన్సి కుర్ష్ అనే మెటల్ గాయకులు వచ్చి గొంతులిస్తారు. ముసలివాడైన నాయకుడు చావు ముందు మాట్లాడే చోట బ్రెజిల్ మహాగాయకుడు మిల్టన్ నాసిమెంటో పోర్చుగీసులో అందుకుంటాడు. అవతల ఇంగ్లీషులో అరుపు, ఇవతల పోర్చుగీసులో ఆ మెత్తటి పెద్ద గొంతు. భాష రాకపోయినా ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో అర్థమైపోతుంది. చివరి ముక్క 'గేట్ థర్టీన్'లో మాటలే లేవు. వట్టి ఆర్కెస్ట్రా. అంతకుముందు పాటల్లో విన్న వరసలే ఒకటొకటిగా వచ్చి వెళ్తుంటాయి. మొదట్నుంచీ వినని వాడికి అది ఐదు నిమిషాల సినిమా నేపథ్య సంగీతం. విన్నవాడికి ఒక మనిషి జీవితం.

రెండో రకం, కథ లేకుండా ఒకే విషయం చుట్టూ తిరిగేది. 'సైకిల్స్ ఆఫ్ పెయిన్' ఈ రకం. కాబట్టి నీ ఇంగ్లీషు బాగానే ఉంది. హీరో లేడు. బాధ ఒక్కటే ఉంది, పన్నెండు వైపుల నుంచి చూసిన బాధ. లాటిన్‌లో బృందగానంతో మొదలై, అమాండా సోమర్‌విల్ అనే గాయనితో కలిసి పాడిన 'టియర్స్ ఆఫ్ బ్లడ్'తో ముగుస్తుంది. ఆ చివరి పాటలో అచ్చం ఒపెరా నాటకంలోలా ఇద్దరూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి పాడతారు. మధ్యలో 'వీదా సెకా' అని ఒకటుంది. ఎండిన బతుకు అని అర్థం. దాని మొదలు రెసీఫె నగరం నుంచి వచ్చిన లెనీనె అనే గాయకుడి గొంతుతో, పోర్చుగీసులో. నన్నడిగితే ఆల్బమ్ మొత్తానికి అదే ప్రాణం. ఊరికే పొగిడి వదలను: బాధ అనేది మరీ పెద్ద సంచీ. అందులో ఏ పాట వేసినా పడుతుంది. అందుకే మధ్యలో రెండు మూడు పాటలు ఇంకో ఆల్బమ్‌లో ఉన్నా ఎవరూ అడగరు అనిపించింది. యోధుడి కథకి ఆ ఇబ్బంది లేదు. కథ దారి తప్పితే అతనే పట్టుకుంటాడు.

ఒక ఆదివారం ఫోన్ డేటా ఆపేసి, ముందే దించుకుని, మొదటి పాట నుంచి చివరిదాకా ఒకేసారి విను. పాటల సాహిత్యం పక్కన పెట్టుకో. బస్సులో మాత్రం వద్దు.

ప్రశ్న: 'సైకిల్స్ ఆఫ్ పెయిన్' ఆంగ్రాకి తొమ్మిదో ఆల్బమ్ అని రాశారు. అది పదోది. కనీసం లెక్కపెట్టుకోలేని వాళ్ళు ఇలాంటి శీర్షికలు ఎందుకు నడుపుతారు?
– ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

జవాబు: తప్పు నాదే. వేళ్ళ మీద లెక్కపెట్టాను. 1993 నుంచి 2023 దాకా పది ఆల్బమ్‌లు. 2010లో వచ్చిన 'ఆక్వా'ని వదిలేశాను, నేను అతి తక్కువ విన్నది అదే కాబట్టి. అన్యాయం ఏమిటంటే అది కూడా కాన్సెప్ట్ ఆల్బమే, షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' నాటకం ఆధారంగా చేసింది. కాన్సెప్ట్ ఆల్బమ్‌ల మీద వ్యాసం రాస్తూ కాన్సెప్ట్ ఆల్బమ్‌నే మర్చిపోయాను. మీ కోపం సబబే. మీ ఉత్తరం చదివాక దాన్ని మళ్ళీ రెండుసార్లు విన్నాను, మొదటిసారి అనుకున్నంత నీరసంగా లేదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. పొద్దస్తమానం చెవుల్లో ఆ అరుపులే. మొన్న ఫోన్‌లో చూస్తే పాట పేరు 'లల్లబై ఫర్ లూసిఫర్' అని ఉంది. లూసిఫర్ అంటే సైతాను అట కదా. మాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇవి దెయ్యాల పాటలా? వాణ్ణి ఎలా మాన్పించాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఒక్క పని చేయండి. అదే పాట మీ చెవుల్లో పెట్టుకుని వినండి. మూడు నిమిషాలు కూడా ఉండదు. గిటారు, ఒక గొంతు, అంతే. డ్రమ్సు లేవు, అరుపుల్లేవు. లల్లబై అంటే జోలపాటే. 'హోలీ ల్యాండ్' అని 1996లో వచ్చిన ఆల్బమ్‌లో ఆఖరి పాట అది. ఆ ఆల్బమ్ అంతటిలో అతి మెత్తనిది కూడా అదే. పేరు చూసి భయపడాల్సిన పాట కాదు.

ఆ ఆల్బమ్ దేని గురించో కూడా చెబుతాను, మీ వాడితో మాట కలపడానికి పనికొస్తుంది. 1500లో పోర్చుగల్ నుంచి కబ్రాల్ అనే నావికుడు పదమూడు ఓడలతో బయల్దేరాడు. వెళ్తున్నది మన దేశానికే, మిరియాల కోసం. దారిలో ఏప్రిల్ 22న బ్రెజిల్ తీరం కనబడింది. అక్కడ కొన్నాళ్ళు ఆగి, మళ్ళీ బయల్దేరి అదే ఏడాది కాలికట్ చేరాడు. ఆ రోజుల్లో ఆ తీరంలో ఏం జరిగి ఉంటుంది, అంతకుముందే అక్కడున్న మనుషులెవరు, వాళ్ళ దేవుళ్ళెవరు, ఇదంతా ఆ పాటల్లో ఉంటుంది. మీ వాడు వింటున్నది ఒకరకంగా చరిత్ర పాఠం. మార్కులు మాత్రం రావు.

మాన్పించొద్దు. తగ్గించమనండి, సౌండు. అసలు టెన్షన్ పడాల్సింది అక్కడ. పెద్దవాళ్ళయితే 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలయితే 75 దగ్గర, అంతకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కొన్ని ఫోన్లలో వారమంతా ఎంత సౌండు విన్నామో చూపించే సెట్టింగు ఉంటుంది, వాడి చేతే తీయించండి. మా నాన్న ముప్పై ఏళ్ళు ఆ గొట్టం మైకుల కింద కూర్చున్నాడు, వాటిల్లో వచ్చినవన్నీ భక్తి పాటలే. అరవై దాటాక ఎడమ చెవి పూర్తిగా పోయింది. చెవికి భక్తి పాటా, మెటలా తేడా తెలియదమ్మా.

ప్రశ్న: నేను మృదంగం నేర్పుతాను. నా శిష్యుడొకడు ఈ బ్యాండు పాటలు వినిపించి, "మాస్టారూ, ఇది మిశ్రచాపే కదా" అన్నాడు. లెక్క ఏడుకే వస్తోంది, కానీ రెండు ఆవృతాలయ్యాక తప్పుతోంది. తప్పు నాదా, వాళ్ళదా? ఆ డ్రమ్మరు అంత వేగం చేతుల్తో ఎలా పలికిస్తున్నాడు?
– ఒక మృదంగ విద్వాంసుడు, విజయనగరం

జవాబు: గురువుగారూ, మీకు లెక్క చెప్పేంతవాణ్ణి కాదు. రికార్డింగ్ గదిలో మెటల్ వాయించే మన కుర్రాళ్ళతో కూర్చుని తెలుసుకున్నది మాత్రం చెబుతాను.

మనకి తాళం గుడి లాంటిది, కదలదు. మిశ్రచాపు అంటే పాట అయ్యేదాకా మిశ్రచాపే. ఎంత కష్టమైన లెక్కయినా దాని మీదే కడతారు, తిరిగి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకి, వస్తారు. ఈ ప్రోగ్రెసివ్ వాళ్ళు గుడినే కదిలిస్తారు. ఏడు మూడుసార్లు వేసి, నాలుగోసారి ఎనిమిది వేస్తారు. పల్లవి దగ్గరికొచ్చేసరికి సాఫీగా నాలుగుకి దిగిపోతారు, జనం తల ఊపాలి కదా. పైగా ఏడుని మీరు తకిట తకధిమి అని మూడు ముందు పెట్టి విడగొడితే, వాళ్ళు చాలాసార్లు మూడుని చివర పెడతారు. తప్పు ఎవరిదీ కాదు.

వేగం చేతులది కాదు, కాళ్ళది. కింద ఉండే పెద్ద డ్రమ్ముని కొట్టడానికి రెండు కాళ్ళకీ రెండు పెడళ్ళు. పవర్ మెటల్‌లో నిమిషానికి 160 నుంచి 200 బీట్లు మామూలు. 180 దగ్గర బీటుకి నాలుగు వేస్తే సెకనుకి పన్నెండు దెబ్బలు. మీ వేళ్ళకి అదో లెక్క కాదు. పాదాలతో చేయడమే విడ్డూరం. ఆ పని చేసేవాళ్ళకి పిక్కలు ఎలా పట్టేస్తాయో నేను కళ్ళారా చూశాను. టేకుకీ టేకుకీ మధ్య నేల మీద కూర్చుని పిసుక్కుంటుంటారు.

మీకు నచ్చే సంగతి ఇంకోటుంది. బ్రెజిల్ ఈశాన్యంలో బయావ్ అని ఒక తాళపు నడక. 1940ల్లో లూయిజ్ గోంజాగా అనే గాయకుడు దాన్ని దేశమంతా మోగించాడు. లెక్క ఎనిమిదే, విరుపు మాత్రం మూడు, మూడు, రెండు. తకిట తకిట తక. ఒకసారి నోటితో అనుకుని చూడండి, నడుం తనంతట తనే కదులుతుంది. దీన్ని వాయించే పెద్ద డోలు పేరు జబుంబా. భుజానికి తగిలించుకుంటారు. ఒక చేత్తో మెత్తని గుడ్డ చుట్టిన లావు కర్ర, బరువు దెబ్బకి. ఇంకో చేత్తో సన్నటి పుల్ల, అవతలి మూతి మీద చిటపటలకి. మన డప్పుకి సిర్ర, చిటికెన పుల్ల ఉన్నట్టే. ఎక్కడి తెనాలి, ఎక్కడి బ్రెజిల్! ఆ వీడియో మొదటిసారి చూసిన రోజు టీ చల్లారిపోయింది.

ఆంగ్రా వాళ్ళు మొదటి ఆల్బమ్ నుంచీ ఈ నడకల్ని మెటల్‌లోకి తెచ్చారు. 'హోలీ ల్యాండ్'లో 'కరోలినా ఫోర్' అని పది నిమిషాల పాట ఉంది. కరోలినా ఒక ఓడ పేరు. మొదలవడమే తాళవాద్యాలతో, పోర్చుగీసులో ఇయెమాంజాకి మొక్కుతో. ఆవిడ వాళ్ళ సముద్రపు తల్లి. మన తీరంలో వలకి వెళ్ళే ముందు గంగమ్మ తల్లికి మొక్కరూ, అలాగే. గిటార్లు ఆ తర్వాత వస్తాయి. మెటల్ పాట మీద నాలుగు డోలు దెబ్బలు తాలింపు వేసినట్టు ఉండదు. ఆ డోలు లేకపోతే ఓడ కదలదు.

ప్రశ్న: అట్లాంటాలో ఉంటాం. ఇక్కడ ప్రోగ్‌పవర్ అనే మెటల్ సంగీత పండగకి ఏటా వెళ్తుంటాను, అక్కడ నాలాంటి తెలుగు మొహాలు ఇద్దరో ముగ్గురో కనబడుతుంటారు. నా ప్రశ్న ఒకటే. ఆంగ్రాలో గాయకులు మారిపోయారు, గిటారిస్టు వెళ్ళిపోయాడు. మొదటివాళ్ళలో ఒక్కడే మిగిలాడు. దీన్ని ఇంకా ఆంగ్రా అనొచ్చా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అట్లాంటా

జవాబు: ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1991లో సావో పాలోలో మొదలైన బ్యాండు. మొదటి గాయకుడు ఆంద్రే మాతోస్, సంగీత రచన, ఆర్కెస్ట్రా నడపడం చదువుకున్నవాడు. 2000లో అతనూ ఇంకో ఇద్దరూ విడిపోయి వేరే బ్యాండు పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే మిగిలినవాళ్ళు కొత్తవాళ్ళతో 'రీబర్త్' అనే ఆల్బమ్ తెచ్చారు. పేరులోనే సంగతంతా ఉంది. అప్పుడొచ్చిన ఎడు ఫలాస్కి గొంతుతోనే 'టెంపుల్ ఆఫ్ షాడోస్'. 2013లో ఇటలీ నుంచి ఫేబియో లియోనె వచ్చాడు. 2015లో గిటారిస్టు కీకో లోరేరో మెగాడెత్ అనే అమెరికా మెటల్ బ్యాండులో చేరాడు, వాళ్ళకి 2017లో గ్రామీ వచ్చినప్పుడు ఆ పాటలో గిటారు ఇతనిదీ ఉంది. అన్నిట్లోనూ ఉన్నది బిటెన్‌కోర్ట్ ఒక్కడే.

నా లెక్క వేరు. సురభి నాటక సమాజాన్నే చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైంది. ఆ మొదటి రోజు వేషం కట్టినవాళ్ళెవరూ లేరు. తాత వేసిన వేషం మనవడు వేస్తున్నాడు. ఇది సురభి కాదని ఎవరన్నా అన్నారా? తెర లేచే పద్ధతి, గాల్లో ఎగిరే తీగ, తెర వెనక పిల్లల ఏడుపులు, ఇవి ఉన్నంతకాలం అది సురభే. ఆంగ్రాలో ఆ పాత పద్ధతి 'వీదా సెకా'లో వినబడింది. అది వినబడనప్పుడు మళ్ళీ అడగండి.

మాతోస్ సంగతి మాత్రం వేరే. 2019 జూన్‌లో గుండెపోటుతో పోయాడు, నలభై ఏడేళ్ళకి. కొత్తవాళ్ళు ఎంత బాగా పాడినా 'హోలీ ల్యాండ్' పాటలు అతని గొంతులో వినడమే నాకు అలవాటు. ముసలితనం అనుకోండి.

ప్రశ్న: ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? ఒక్కటే చెప్పండి. హెడ్‌ఫోన్ ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: 'హోలీ ల్యాండ్'. కొత్తది అడిగితే పాతది చెబుతున్నాడని అనుకోకండి, దాని వెనక నా కథ ఒకటుంది.

1999లో హైదరాబాద్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో వైర్లు చుట్టే పనిలో ఉండేవాణ్ణి. బొంబాయి నుంచి వచ్చిన ఒక కీబోర్డు కుర్రాడి దగ్గర ఈ ఆల్బమ్ ఉంటే, బతిమాలి నకలు తీసుకున్నాను. నా దగ్గరున్నది అరవై నిమిషాల క్యాసెట్, అంటే ఒక్కో వైపు అరగంట. ఆల్బమ్ యాభై ఆరు నిమిషాల పైచిలుకు. సరిపోతుందనే లెక్క. కానీ నాలుగు పాటలయ్యేసరికి దాదాపు ఇరవై నాలుగున్నర నిమిషాలు. ఐదోది 'హోలీ ల్యాండ్', అసలు పేరు పెట్టిన పాటే, ఆరున్నర నిమిషాలు. చివరికొస్తుండగా టక్ అని క్యాసెట్ ఆగిపోయింది. నేను టీకి వెళ్ళి ఉన్నాను. వచ్చి రెండో వైపు తిప్పి ఆరో పాట నుంచి ఎక్కించాను. ఆ పాట ఎలా ముగుస్తుందో మూడేళ్ళ దాకా నాకు తెలియదు. ఓడ ఒడ్డుకి చేరే ముందే నా క్యాసెట్ అయిపోయేది. సీడీ చేతికొచ్చిన రోజు ముందు ఆ చివరి ముక్కే విన్నాను. ఆ తర్వాత కవరు విప్పితే పాతకాలపు ప్రపంచపటం. దాన్ని బల్ల మీద పరుచుకుని మొదట్నుంచీ విన్నాను.

హెడ్‌ఫోన్ ఏది కొనాలని కూడా అడిగారు. వెయ్యి రూపాయలది చాలు, వైరు ఉన్నదయితే మరీ మంచిది.

ప్రశ్న: మేం నలుగురం. నేను గిటారు. సమ్మక్క సారలమ్మ గాథ మీద తెలుగులో పవర్ మెటల్ కాన్సెప్ట్ ఆల్బమ్ చేద్దామని ఉంది. డప్పు కూడా పెట్టాలని. ఎక్కడ మొదలుపెట్టాలి? డప్పు రికార్డింగ్‌లో జాగ్రత్తలేమిటి?
– ఒక గిటారిస్టు, వరంగల్

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నన్ను కుర్చీలోంచి లేపింది ఇదే.

పాటలు రాయకముందే మేడారం వెళ్ళండి, జాతర లేనప్పుడు. జాతరలో మైకుల హోరుకి ఏమీ వినబడదు. ఆ కథ కోయవాళ్ళది. వాళ్ళ వాయిద్యం డోలి, ఊదేది అక్కుం అనే కొమ్ము. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు డోలి మీద ఆ వీరగాథలు పాడేవారు. ఆయన పాడినవి దొరికినంతవరకు వినండి. అవి విన్నాక కూడా డప్పే కావాలనిపిస్తే పెట్టుకోండి. కానీ అడవి కథ కదా అని చేతికి దొరికిన డోలేదో మోగించొద్దు.

కథకి కావాల్సినవన్నీ అక్కడే ఉన్నాయి. సంపెంగవాగులో పడి సమ్మక్క కొడుకు జంపన్న ప్రాణం వదిలితే వాగు పేరే జంపన్నవాగు అయింది. చిలకలగుట్ట వైపు వెళ్ళిన సమ్మక్క మళ్ళీ కనబడలేదు, కుంకుమభరిణె దొరికింది. జంపన్నకి ఒక వరస, భరిణెకి ఒక వరస ముందు తేల్చుకోండి. నాలుగైదు స్వరాలు చాలు, ఈల వేస్తే పక్కవాడు పట్టుకునేలా ఉండాలి. వాగు దగ్గర విన్న వరస చివర్లో గుట్ట దగ్గర ఎలా మారి రావాలో తేలిందంటే మిగతా పాటలు వాటంతటవే వస్తాయి. గిటారు సోలోలు ఆఖర్న చూసుకోవచ్చు.

డప్పు సంగతి. ఒకసారి వానాకాలంలో మూడో అంతస్తు స్టూడియోకి డప్పు కళాకారుణ్ణి పిలిచాం. తోలు మెత్తబడి దబ్ దబ్ అంటోంది. కాచాలి. లోపల మంట పెడితే పొగ అలారం మోగుతుంది. ఆయన కిందికి దిగి టీకొట్టు పొయ్యి మీద కాచి, పరిగెత్తుకుంటూ పైకి వచ్చేవాడు. మొదటి టేకు కంగుమంది. రెండోది పర్వాలేదు. మూడోదానికి అర స్వరం దిగిపోయింది. మూడు టేకులూ కలపబోతే మూడు డప్పుల్లా వినిపించాయి. ఆఖరికి కింది అంతస్తు బ్యూటీ పార్లర్ నుంచి హెయిర్ డ్రైయర్ అరువు తెచ్చి, టేకు టేకుకీ రెండు నిమిషాలు పట్టాం. పార్లర్ అమ్మాయి వచ్చి, ఏం ఆరబెడుతున్నారో చూసి, నవ్వలేక చచ్చింది. ఆ ట్రాకు ఇప్పటికీ నా దగ్గరుంది, బ్రహ్మాండంగా ఉంటుంది.

కాబట్టి డ్రైయర్ ముందే కొనుక్కోండి. ఒక మైకు డప్పు ముందు మూడడుగుల దూరంలో, ఇంకోటి వెనక చిటికెన పుల్ల వైపు పెట్టండి. మరీ దగ్గర పెడితే సిర్ర దెబ్బకి సౌండు పగిలిపోతుంది. ముందు డప్పు ఎక్కించి, దాని మీద గిటార్లు వాయించండి. గిటార్లు ముందు ఎక్కిస్తే డప్పు వాయించే ఆ పెద్దాయన్ని చెవిలో లయ చూపే టిక్ టిక్ క్లిక్కు చప్పుడుకి వాయించమనాల్సి వస్తుంది. వాయిస్తాడు పాపం, కానీ నడక చచ్చిపోతుంది.

రఫ్ రికార్డింగ్ అయితే పత్రిక చిరునామాకి పంపండి. 'హోలీ ల్యాండ్' వాళ్ళు సముద్రం దాటించే ఇంట్రోని రెండు నిమిషాల్లోపే ముగించారు. మీ ఇంట్రో దానికన్నా పొడుగుంటే మాత్రం తిప్పి పంపిస్తాను.